పెద్ద ప్రధాన సంఖ్య గుణాలు తేల్చడం ఎలా? 2147483647తో మొదటి నుంచి చివరిదాకా

"ఈ సంఖ్య ప్రధాన సంఖ్యేనా, ఎలా తెలుసుకోవాలి?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అది తేలగానే రెండో ప్రశ్న వస్తుంది: "సరే, ప్రధానమే. దాని గురించి ఇంకేం చెప్పొచ్చు?" ఈ రెండింటికీ విడివిడిగా జవాబు చెప్పడం కంటే, ఒకే ఒక్క సంఖ్యను పట్టుకుని పని మొత్తం చేసి చూపిస్తే ఎక్కువ ఉపయోగమని ఇది రాస్తున్నాను.

తీసుకున్న సంఖ్య 2147483647. అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. కొన్ని లెక్కలు కాగితం మీద చేసుకోగలిగేంత చిన్నది, అన్నీ కాగితం మీద చేయలేనంత పెద్దది. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సైజు దొరకదు. ఇది 2³¹ − 1 కూడా. ఇది ప్రధాన సంఖ్య అని 1772 నాటికే గణితవేత్త ఆయిలర్ నిరూపించాడు. ఆ తర్వాత చాలా దశాబ్దాలపాటు మనిషికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ప్రధాన సంఖ్యను ఎంత గుచ్చి చూసినా అది విడిపోదు, కాబట్టి దాన్నుంచి నేరుగా వచ్చే సమాచారం తక్కువ. ఇంటి సంగతి ఇరుగుపొరుగును అడిగినట్టు, దానికి ఒకటి తక్కువైన సంఖ్యను, ఒకటి ఎక్కువైన సంఖ్యను విప్పి చూడాలి. కింద చేసే పనిలో ముప్పాతిక వంతు అదే.

ఏమేం కావాలి

- కాగితం, పెన్ను. మొదటి మూడు మెట్లకు ఇవి చాలు.
- పెద్ద పూర్ణ సంఖ్యలను ఒక్క అంకె కూడా పోకుండా లెక్కించే ప్రోగ్రామ్. పైథాన్ ఉంటే సరిపోతుంది. పారి (PARI) అనే ఉచిత గణిత ప్రోగ్రామ్ కూడా ఉంటే జవాబులు సరిచూసుకోవచ్చు.
- శేషం అంటే ఏమిటో తెలిసి ఉండాలి. 17ను 5తో భాగిస్తే శేషం 2. ఇంతకు మించిన సిద్ధాంతం ముందుగా అక్కర్లేదు.

ఫోన్‌లోని మామూలు కాలిక్యులేటర్‌నీ, స్ప్రెడ్‌షీట్‌నీ ఈ పనికి వాడకండి. ఎందుకో ఆరో మెట్టులో అంకెలతో సహా చూపిస్తాను.

1. సంఖ్యను సరిగ్గా రాసుకున్నారో లేదో చూసుకోండి

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా దగ్గరికి వచ్చే తప్పుడు జవాబుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంటుంది. ఒక అంకె తారుమారైతే అది వేరే సంఖ్య. ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా ప్రయోజనం లేదు.

అంకెలు లెక్కపెట్టండి: 10. అంకెల మొత్తం వేయండి: 2+1+4+7+4+8+3+6+4+7 = 46. ఈ రెండూ కాగితం పైన ఓ మూల రాసి పెట్టుకోండి. అయితే అంకెల మొత్తం ఒక అంకె తప్పు పడితే పట్టిస్తుంది గానీ, రెండు అంకెలు చోటు మారితే పట్టించదు. అందుకని ఒకసారి వెనక నుంచి ముందుకు కూడా చదివి పోల్చుకోండి.

ప్రోగ్రామ్‌లో 2³¹ − 1 అని ఇచ్చేటప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. పైథాన్‌లో ఘాతానికి రెండు నక్షత్రం గుర్తులు పెట్టాలి. టోపీ గుర్తు (^) పెడితే అది ఘాతం కాదు, బిట్ల మీద చేసే వేరే పని. 2 టోపీ 31 మైనస్ 1 అని కొడితే 28 అని వస్తుంది. జవాబు అంత చిన్నగా ఉంటే వెంటనే అనుమానం వస్తుంది గానీ, పెద్ద లెక్క మధ్యలో ఎక్కడో ఇది దాగి ఉంటే కనిపించదు.

2. చవకగా అయ్యే పరీక్షలు ముందు చేయండి

చివరి అంకె 7, కాబట్టి 2 పోదు, 5 పోదు. అంకెల మొత్తం 46. అది 3తో పోదు, కాబట్టి సంఖ్యా పోదు. 46ను 9తో భాగిస్తే శేషం 1. దీన్ని గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

7, 11, 13 మూడింటికీ కలిపి ఒకే పద్ధతి ఉంది. 7 × 11 × 13 = 1001 కాబట్టి, సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకదాన్ని కూడి తర్వాతి దాన్ని తీసేస్తూ పోవాలి:

647 − 483 + 147 − 2 = 309

309ను 7తో భాగిస్తే శేషం 1. 11తో శేషం 1. 13తో శేషం 10. మూడింటితోనూ పోదు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. మనం కోట్లు, లక్షలు అని కామాలు పెడతాం: 214,74,83,647. ఆ కామాల దగ్గరే విడగొట్టి కూడికలు మొదలుపెడతారు. ఈ పద్ధతికి అలా కుదరదు. కామాలు తీసేసి, మూడేసి అంకెలుగా 2 147 483 647 అని మళ్లీ రాసుకోండి.

3. ఎంతవరకు భాగించాలో తేల్చుకోండి

వర్గమూలం దాకా భాగిస్తే చాలు. 46340 వర్గం 2147395600, మన సంఖ్య కంటే తక్కువ. 46341 వర్గం 2147488281, ఎక్కువ. కాబట్టి 46340 దాటక్కర్లేదు. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 4792 ఉన్నాయి. అన్నింటితో భాగించి చూడటం కంప్యూటర్‌కు రెప్పపాటు పని. మనిషికి రోజుల పని.

ఆయిలర్ దగ్గర కంప్యూటర్ లేదు. ఆయన చేసిన పని ఇది. సంఖ్య 2³¹ − 1 రూపంలో ఉంది, 31 ప్రధానం. అలాంటప్పుడు దానికి ప్రధాన భాజకం ఏదైనా ఉంటే, ఆ భాజకాన్ని 62తో భాగిస్తే శేషం 1 రావాలి. 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. రెండు షరతులూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ వచ్చే సంఖ్యలే మిగులుతాయి. 46340 లోపు అలాంటివి 373. అందులో మొదటిదైన 63 ప్రధానం కాదు కాబట్టి 372. వీటిలోనూ చాలావరకు ప్రధానాలు కావు: 249 అంటే 3 × 83, 497 అంటే 7 × 71, 559 అంటే 13 × 43. నిజంగా భాగించి చూడాల్సిన మొదటి సంఖ్య 311.

311 × 6905092 = 2147483612. శేషం 35. పోలేదు.

1303తో కూడా చేసి చూడండి. శేషం 226 వస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

హెచ్చరిక: ఈ 248 కిటుకు ఈ సంఖ్యకే. మీ సంఖ్య 2ⁿ − 1 రూపంలో లేకపోతే దీన్ని వాడకండి. అలాగని 2ⁿ − 1 రూపంలో ఉన్నవన్నీ ప్రధానాలనీ అనుకోకండి. 11 ప్రధానమే, కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89.

4. ఒకటి తక్కువైన సంఖ్యను విప్పండి

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది.

2147483646 = 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331

ఇది రాగానే రెండో మెట్టు శేషాలతో పోల్చండి. 9తో శేషం 1, 7తో శేషం 1, 11తో శేషం 1 అని చూశాం. అంటే ఒకటి తీసేస్తే ఆ మూడింటితోనూ పోవాలి. ఇక్కడ 9, 7, 11 మూడూ ఉన్నాయి. కాగితం మీద చేసినదీ కంప్యూటర్ ఇచ్చినదీ కలిశాయి.

గుణించి కూడా చూసుకోండి: 2 × 9 × 7 × 11 = 1386. దాన్ని 31తో గుణిస్తే 42966. 151తో 6487866. 331తో 2147483646. ఈ వరుసను పారేయకండి, ఏడో మెట్టులో మళ్లీ కావాలి.

ఒకటి ఎక్కువైన సంఖ్య మాటేమిటంటే, అది 2³¹. 2 తప్ప దాంట్లో వేరే ఏమీ లేదు. అంత శుభ్రమైన పొరుగు ఉండటమే ఈ సంఖ్య అదృష్టం. ఆరో మెట్టు పూర్తిగా దాని మీదే నిలబడుతుంది.

5. మిల్లర్–రాబిన్ పరీక్ష: ఏ సంఖ్యకైనా పనికొచ్చేది

మీ సంఖ్య 2ⁿ − 1 రూపంలో లేకపోతే ఈ మెట్టే మీకు ముఖ్యం.

పద్ధతి: ఒకటి తీసేసిన సంఖ్యను బేసి సంఖ్య వచ్చేదాకా సగం చేస్తూ పోండి. మనకు ఒక్కసారికే వచ్చింది: 1073741823. ఇప్పుడు 2, 3, 5, 7 అనే నాలుగు ఆధారాలను ఒక్కొక్కటిగా ఆ ఘాతానికి పెంచి, మన సంఖ్యతో భాగించి, శేషం చూడాలి. శేషం 1 గానీ 2147483646 గానీ వస్తే ఆ ఆధారం దగ్గర పాస్. రెండూ కాక ఇంకేదైనా వస్తే, మనలా ఒక్కసారే సగం చేసిన సంఖ్య అయితే, అది ప్రధానం కాదు. చర్చే లేదు.

రావాల్సిన జవాబులు: 2కు శేషం 1. 3, 5, 7లకు 2147483646.

పైథాన్‌లో దీనికి పౌ (pow) అనే ఫంక్షన్ ఉంది. దానికి మూడు సంఖ్యలు ఇవ్వాలి: ఆధారం, ఘాతం, భాజకం. ముందు ఘాతం లెక్కించి తర్వాత భాగిద్దామనుకుంటే కోట్ల అంకెల సంఖ్య తయారై మెషిన్ నిలబడిపోతుంది. మూడూ ఒకేసారి ఇస్తే మధ్యమధ్యలో శేషం తీసుకుంటూ పోతుంది, వెంటనే జవాబు వస్తుంది.

సగం ఒకసారి చేస్తే సరిపోని సంఖ్యలూ ఉంటాయి. ఉదాహరణకు 2147483629. ఒకటి తీసేస్తే 4 × 536870907. ఇక్కడ 536870907 ఘాతానికి పెంచి చూడాలి. 1 గానీ, సంఖ్యకు ఒకటి తక్కువ గానీ రాకపోతే వెంటనే తిరస్కరించకండి. వచ్చిన శేషాన్ని ఒకసారి వర్గం చేయండి. అప్పుడు సంఖ్యకు ఒకటి తక్కువ వస్తే పాసే. ఈ చివరి వర్గం చేయడం మర్చిపోయి, మంచి ప్రధాన సంఖ్యను పక్కన పడేసినవాళ్లను చూశాను.

ఇంకో రెండు జాగ్రత్తలు:

నాలుగు ఆధారాలూ పాసైతే నిరూపణ అయినట్టేనా అంటే, సంఖ్య 3215031751 కంటే చిన్నదైతే అయినట్టే. ఆ సంఖ్య నాలుగు పరీక్షలూ పాసవుతుంది, కానీ ప్రధానం కాదు. అది మొదటి మోసగాడు. అంతకంటే పెద్దవాటికి ఆధారాలు పెంచాలి. 2⁶⁴ లోపు దేనికైనా మొదటి 12 ప్రధాన సంఖ్యలు, అంటే 37 వరకు, సరిపోతాయి.

ఆధారం 2 ఒక్కదానితో ఆగిపోకండి. n ప్రధానమై, సంఖ్య 2ⁿ − 1 రూపంలో ఉంటే దానికి విలువే లేదు. 2047నే చూడండి. 2¹¹ = 2048, దాన్ని 2047తో భాగిస్తే శేషం 1. 2046లో సగం 1023 అంటే 93 × 11. కాబట్టి 2ను 1023 ఘాతానికి పెంచినా శేషం 1. పాస్! కానీ 2047 = 23 × 89 అని పైనే చూశాం. మన సంఖ్యకు కూడా 2 దగ్గర 1 రావడం ముందే రాసిపెట్టి ఉంది, ఎందుకంటే 1073741823 అనేది 31కి గుణిజం. ఆ పాస్ వల్ల మనకు కొత్తగా తెలిసిందేమీ లేదు.

6. లూకా–లెహ్మర్ పరీక్ష: 2ⁿ − 1కు నికరమైన నిరూపణ

ఎద్వార్ లూకా 19వ శతాబ్దంలో మొదలుపెట్టిన పద్ధతికి లెహ్మర్ 1930లలో ఇప్పటి రూపం ఇచ్చాడు. ఇంత చిన్న పద్ధతి ఇంత పెద్ద పని చేయడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

4తో మొదలుపెట్టండి. ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేయండి. మన సంఖ్యను మించితే భాగించి శేషం తీసుకోండి. ఇలా 29 సార్లు. చివర 0 వస్తే ప్రధానం. రాకపోతే కాదు.

4 → 14 → 194 → 37634 → 1416317954 → 669670838 → …

మొదటి నాలుగు అడుగులూ సులువు. అయిదో అడుగు దగ్గర చాలామంది పడిపోతారు, అందుకే దాన్ని విడమర్చి చూపిస్తాను.

1416317954 వర్గం 2005956546822746116. మొత్తం 19 అంకెలు. స్ప్రెడ్‌షీట్ 15 అంకెల వరకే నమ్మకంగా ఉంచుకుంటుంది, కాబట్టి అందులో 2005956546822750000 అని కనిపిస్తుంది. చివరి అంకెలు మాయం. పోయింది చివరి నాలుగైదు అంకెలే కదా అనిపిస్తుంది గానీ, శేషం తీసేది ఆ చివరి అంకెల మీదే. మొదట్లో నేనూ స్ప్రెడ్‌షీట్‌లోనే చేశాను. 29వ అడుగు దగ్గర 0 రాలేదు. పద్ధతి తప్పా, సంఖ్య తప్పా అని ఒక సాయంత్రమంతా టెన్షన్ పడ్డాక, తప్పు అయిదో అడుగులోనే ఉందని తెలిసింది.

సరైన వర్గం దగ్గరుంటే, శేషం తీయడానికి భాగహారం కూడా అక్కర్లేదు. 2³¹ని మన సంఖ్యతో భాగిస్తే శేషం 1 కదా. కాబట్టి 2³¹తో భాగించి, భాగఫలాన్నీ శేషాన్నీ కూడితే చాలు. బిట్లలో పని చేసే కంప్యూటర్‌కు 2³¹తో భాగించడమంటే సంఖ్యను రెండు ముక్కలు చేయడమే.

2005956546822746114ను 2147483648తో భాగిస్తే భాగఫలం 934096307, శేషం 1883058178.
కూడితే 2817154485.
మన సంఖ్యను మించింది, కాబట్టి 2147483647 తీసేస్తే 669670838.

ఇదే అడుగును వేరే అంకెలతో సరిచూసుకోవచ్చు. 1416317954 బదులు, మన సంఖ్యలోంచి దాన్ని తీసేయగా మిగిలే 731165693ను తీసుకోండి. వర్గం చేస్తే గుర్తు పోతుంది కాబట్టి ఫలితం మారకూడదు. దాని వర్గంలోంచి 2 తీసేస్తే 534603270620170247. 2³¹తో భాగిస్తే భాగఫలం 248944047, శేషం 420726791. కూడితే 669670838. మధ్యలో వచ్చిన ఒక్క సంఖ్య కూడా ఉమ్మడిగా లేదు, చివర జవాబు ఒకటే. ఇలా కలిశాక ఆ అడుగు గురించి అనుమానం ఉండదు.

మిగతా అడుగులు ప్రోగ్రామ్‌కు ఇచ్చేయండి. ఆఖరి రెండు మాత్రం కళ్లారా చూడండి: 65536, ఆ తర్వాత 0. 65536 అంటే 2¹⁶. దాని వర్గం 2³². 2 తీసేస్తే 2³² − 2, అంటే మన సంఖ్యకు సరిగ్గా రెట్టింపు. అందుకే శేషం 0. చివరికి ముందు 65536 రాకపోతే, 0 వచ్చినా సరే, ఒకసారి అనుమానించండి. కాకపోతే దాని వ్యతిరేకం, అంటే 2147418111 వచ్చినా వర్గం అదే కాబట్టి 0 వస్తుంది. మీకు ఆ సంఖ్య కనిపిస్తే ఆ అడుగులో గుర్తు తిరగబడిందని అర్థం.

తరచూ జరిగే తప్పులు: 29 బదులు 30 లేదా 31 సార్లు చేయడం. మొదటి 4ను కూడా ఒక అడుగుగా లెక్కపెట్టడం. 0 తర్వాత ఇంకో అడుగు వేస్తే 0 − 2 అయి 2147483645 వస్తుంది. ఆ సంఖ్య కనిపిస్తే మీరు ఒక అడుగు ఎక్కువ వేశారన్నమాట. ఇంకోటి, కొన్ని ప్రోగ్రామింగ్ భాషల్లో మామూలు పూర్ణ సంఖ్య 32 బిట్లే. గుర్తు ఉన్న 32 బిట్ల సంఖ్యల్లో అతి పెద్దది మన 2147483647నే, కాబట్టి వర్గం అందులో ఎలాగూ పట్టదు. 64 బిట్ల రకం వాడండి.

7. ప్రిమిటివ్ రూట్ కనుక్కోండి

ఒక సంఖ్యను 1, 2, 3… ఘాతాలకు పెంచుతూ మన సంఖ్యతో భాగించి శేషాలు రాస్తూ పోతే, 1 నుంచి 2147483646 దాకా అన్నీ వస్తే దాన్ని ప్రిమిటివ్ రూట్ అంటారు. అన్నీ రాసి చూడక్కర్లేదు. నాలుగో మెట్టులోని ఏడు ప్రధాన కారణాంకాలతో 2147483646ను భాగించి, వచ్చిన ఘాతాలను మాత్రమే చూస్తే చాలు:

1073741823, 715827882, 306783378, 195225786, 69273666, 14221746, 6487866

ఏ ఒక్క చోటా శేషం 1 రాకూడదు. 2 పనికిరాదు, 31వ ఘాతానికే 1 వచ్చేస్తుంది. 3, 5 మొదటి ఘాతం దగ్గర నిలబడతాయి గానీ తర్వాత ఎక్కడో ఒకచోట 1 ఇచ్చి తప్పుకుంటాయి. 7 అన్నింటి దగ్గరా నిలబడుతుంది. ఈ సంఖ్యకు అతి చిన్న ప్రిమిటివ్ రూట్ 7.

ఇక్కడ ఒక లాభం కూడా ఉంది. 7ను 2147483646 ఘాతానికి పెంచితే శేషం 1 వచ్చి, పై ఏడు చోట్లా 1 రాకపోతే, సంఖ్య ప్రధానమని కూడా నిరూపణ అయినట్టే. ఇది ఏ రూపంలోని సంఖ్యకైనా పనిచేస్తుంది. కాబట్టి ఆరో మెట్టు మీకు వర్తించకపోతే దీన్ని వాడుకోండి. ఒకటి తక్కువైన సంఖ్యను పూర్తిగా విప్పగలగాలి, అంతే షరతు. సంఖ్య బాగా పెద్దదైతే ఆ విప్పడమే అసలు కష్టం.

పైథాన్‌లో ఘాతాలను భాగహారంతో తయారుచేసేటప్పుడు రెండు గీతల భాగహారం (//) వాడండి. ఒక్క గీత పెడితే దశాంశ సంఖ్య వస్తుంది, పౌ దాన్ని తీసుకోదు.

మొత్తం ఇలాంటి రూట్లు 53,46,00,000 ఉన్నాయి. ప్రతి నాలుగింట్లో దాదాపు ఒకటి. 7⁵ = 16807 కూడా వాటిలో ఒకటి, ఎందుకంటే 5కూ 2147483646కూ ఉమ్మడి కారణాంకం లేదు. 16807తో గుణించి, మన సంఖ్యతో శేషం తీసుకుంటూ యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే పద్ధతిని పార్క్, మిల్లర్ 1988లో సిఫారసు చేశారు. చాలా ప్రోగ్రామింగ్ లైబ్రరీల్లోకి అది వెళ్లింది.

8. మిగతా గుణాలు త్వరగా తేల్చేయండి

రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా? చివరి రెండు అంకెలు 47. 4తో భాగిస్తే శేషం 3. కాబట్టి రాయలేం. వెతుకుతూ కూర్చోకండి.

కవల ఉందా, అంటే దీనికి రెండు తక్కువైన లేదా రెండు ఎక్కువైన ప్రధాన సంఖ్య ఉందా? 2147483645 చివర 5, పోయింది. 2147483649 అంకెల మొత్తం 48, 3తో పోతుంది. కవల లేదు. ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తర్వాతది 2147483659.

రెట్టింపు చేసి 1 కలిపితే ప్రధానమా? 4294967295 = 3 × 5 × 17 × 257 × 65537. కాదు. ఒకటి తీసి సగం చేస్తే? 1073741823 కూడా 3తో పోతుంది, కాదు. రహస్య సంకేతాల పనికి ఈ రెండు గుణాలనూ చూస్తారు. ఆ లెక్కన మన సంఖ్య అక్కడికి పనికిరాదు, సైజు కూడా చాలదు.

2కు వర్గమూలం ఉందా? అంటే వర్గం చేసి భాగిస్తే శేషం 2 వచ్చే సంఖ్య. ఉంది, అది మీరు ఇప్పటికే చూసిన 65536.

ప్రధాన సంఖ్యల వరుసలో దీని స్థానం ఎంత? 10,50,97,565వది. ఇలాంటి సంఖ్య ఎక్కడైనా దొరికినప్పుడు గుడ్డిగా నమ్మకుండా ఇలా చూసుకోండి: సంఖ్యను దాని సహజ సంవర్గమానంతో (ln) భాగించండి. సంవర్గమానం దాదాపు 21.49, భాగిస్తే సుమారు 9 కోట్ల 99 లక్షలు వస్తుంది. అసలు విలువ దీనికంటే కొన్ని శాతం ఎక్కువగా ఉండాలి. ఉంది. ఒక సున్నా ఎక్కువో తక్కువో పడి ఉంటే ఇక్కడే దొరికిపోయేది.

పరిపూర్ణ సంఖ్య: 2³⁰ను మన సంఖ్యతో గుణిస్తే 2305843008139952128. తనను తప్ప మిగతా భాజకాలన్నీ కూడితే అదే వస్తుంది. 2³¹తో గుణించడం ఇక్కడ మామూలు తప్పు. ఘాతం ఒకటి తగ్గాలి.

2ను మన సంఖ్య ఘాతానికి పెంచి 1 తీసేస్తే వచ్చేది కూడా ప్రధానమేనా అని తప్పకుండా అడుగుతారు. 3 నుంచి 7, 7 నుంచి 127 అలాగే వచ్చాయి కదా అని ఆశ. కాదు. ఆ సంఖ్యకు దాదాపు 64.6 కోట్ల అంకెలు. దాన్ని 295257526626031 భాగిస్తుంది. ఈ భాజకం రూపం మీరే చూసుకోవచ్చు: ఒకటి తీసేసి, మన సంఖ్య రెట్టింపుతో భాగిస్తే సరిగ్గా 68745 వస్తుంది, శేషం ఉండదు. మూడో మెట్టులో 62తో శేషం 1 అని వాడిన నియమమే ఇక్కడా పనిచేసింది. నిజంగా భాగిస్తుందో లేదో చూడాలంటే పౌకు 2, 2147483647, 295257526626031 ఇవ్వండి. 1 రావాలి.

9. ఇంకా పెద్దవాటికి వెళ్లాలంటే

2024 అక్టోబరు 12న ల్యూక్ డ్యూరాంట్ కనుక్కున్న 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ఇప్పుడు మీ చేతికిచ్చారనుకోండి. భాగించి చూడటం కుదరదు, ఒకటి తక్కువైన సంఖ్యను పూర్తిగా విప్పడమూ కుదరదు. ఒకటి ఎక్కువైనది మాత్రం ఇక్కడా వట్టి 2ల గుణకారమే. అందుకే లూకా–లెహ్మర్ ఇక్కడా పనిచేస్తుంది, అడుగులు మాత్రం 13 కోట్లకు పైగా. ఇంట్లో కంప్యూటర్ మీద మామూలు పైథాన్‌తో మొదలుపెట్టకండి. అంత పెద్ద గుణకారాలకు ప్రత్యేకంగా రాసిన ప్రోగ్రామ్‌లు కావాలి.

కానీ మీరు కాగితం మీద చేయగలిగినవి రెండున్నాయి. సంఖ్యను ఫైల్‌గా దించుకున్నవాళ్లకు అవి బాగా పనికొస్తాయి.

అంకెలు ఎన్ని? ఘాతాన్ని 0.30102999566తో (10 ఆధారంగా 2 సంవర్గమానం ఇది) గుణించి, పూర్ణ భాగానికి 1 కలపండి: 4,10,24,320. సంవర్గమానం విలువను 0.3010 దగ్గర ఆపేస్తే వేల అంకెల తేడా వస్తుంది, కాబట్టి దశాంశాలు తగ్గించకండి.

చివరి రెండు అంకెలు? 2 ఘాతాల చివరి రెండు అంకెలు 20 అడుగులకోసారి తిరిగి వస్తాయి. మన పాత సంఖ్యతో ముందు చూడండి: 31ని 20తో భాగిస్తే శేషం 11. 2¹¹ = 2048, చివర 48, ఒకటి తీస్తే 47. సరిపోయింది. ఇప్పుడు 136279841ని 20తో భాగిస్తే శేషం 1. ఇక్కడ 2¹ = 02 అని తీసుకుని, జవాబు 01 అనేస్తారు. తప్పు. ఆ చక్రం 2² నుంచి మొదలవుతుంది, 2¹ అందులో లేదు, ఎందుకంటే పెద్ద ఘాతాలన్నీ 4తో పోవాలి, 02 పోదు. శేషం 1 వచ్చినప్పుడు 2²¹ తీసుకోవాలి: 2097152, చివర 52. ఒకటి తీస్తే 51. మీరు దించుకున్న ఫైల్ చివరి రెండు అంకెలు 51 కాకపోతే, ఫైల్ మధ్యలో తెగిపోయింది. మళ్లీ దించుకోండి.